మూడువందల మీటర్లు

రాత్రి పన్నెండు గంటలప్పుడు సముద్రంమీది మంచుపలకలపై ఎండ కాస్తోందంటే మా విద్యార్థులు నమ్మలేదు సుమండీ! నార్వేవారి స్వాల్‌బార్డ్ దీవుల్లో ఏప్రిల్ ఆఖరునుంచి ఆగస్టు నడుమదాకా సూర్యుడు అస్తమించడు. ఆ జూలైలో, జంతువుల ఫోటోలకని బయల్దేరిన పన్నెండుమందిమి ఓడ డెక్కుమీద కెమెరాలతో జాగరం చేస్తున్నాం.

లాంగియర్‌బ్యెన్ రేవులో ఓడ ఎక్కిననాడే మా గైడు షరతు చెప్పింది. ధ్రువపు ఎలుగుబంటికి 300 మీటర్ల లోపుకు పోరాదు. మార్చినుంచి జూన్‌దాకా అయితే 500. 2025 జనవరినుంచి అది అక్కడి చట్టం. ఆవిడ భుజాన తుపాకి ఉంది. వేటకు కాదు, ఒడ్డున దిగినపుడు మా రక్షణకు. వేట 1973లోనే మాన్పించారు.

“అదుగో!” అన్నారెవరో. తల్లి, రెండు పిల్లలు. తెల్లని మంచుమీద అది తెల్లగా లేదు. కాచిన పాలమీగడ రంగు. సీలు పైకి రాకపోతుందా అని మంచు అంచున కదలక కాచుకొని ఉంది.

“ఇంకొంచెం దగ్గరికి పోనివ్వండి, ఇంత డబ్బు పోశాం!” అన్నాడు నా పక్కాయన. నేను పైకి అనలేదుగాని నా మనసులోనూ అదే మాట. ఆరేళ్ళ పొదుపు మరి!

“మనల్ని చూసి అది లేచిపోతే ఆ పూటకు పస్తే,” అందావిడ.

అంతలో తల్లి మెడ ఎత్తి, గాలి వాసన పట్టి, మావైపే నాలుగడుగులు వేసింది. కెమెరాలన్నీ లేచాయి. ఆవిడ చెయ్యి ఊపింది. ఓడ వెనక్కు మళ్ళింది. ఒక్కరూ మాట్లాడలేదు.

ఇంటికొచ్చి ఫోటో చూపిస్తే మా ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, “ఈ మూడు నువ్వుగింజలకా అంత ఖర్చు!” అంది. ఫ్రేము కట్టించి గోడకు తగిలించింది మాత్రం తనే.