రన్‌వే పక్క ఊళ్లో కాబోయే రేడియాలజిస్టు

మోచేతి మడతలో స్టెత్ ఆనించి, బీపీ మెషిన్ గాలి వదలబోతూ ఆ అమ్మాయి ఆగిపోయింది. ఇంటి మీదుగా విమానం దిగుతోంది. ఆ హోరులో నాడి చప్పుడు వినబడదు. "ఒక్క నిమిషం అవ్వా" అంది. అవ్వకు ఇది రోజూ ఉండేదే. "పోనియ్ బిడ్డా, దాని ఎనక ఇంకోటొస్తది" అని నవ్వింది. రెండో విమానం రాకముందే అమ్మాయి చకచకా గాలి వదిలి, 160 బై 94 అని కాగితం మీద రాసుకుంది.

శంషాబాద్ ఎయిర్‌పోర్టు ప్రహరీకి అవతల ఉందీ ఊరు. పేరు రాస్తే ఎవరిల్లో ఇట్టే తెలిసిపోతుంది కాబట్టి రాయడం లేదు. 2008 మార్చి 23న విమానాలు మొదలయ్యేదాకా ఈ చుట్టుపక్కల సేద్యమే బతుకు. ఎయిర్‌పోర్టు కోసం సుమారు 5,500 ఎకరాలు తీసుకున్నారు. అవ్వ కొడుకు ఇప్పుడు కార్గోలో లోడర్, ఎక్కువగా రాత్రి షిఫ్టు. కోడలు టెర్మినల్‌లో హౌస్‌కీపింగ్. పగలు ఇంట్లో మెలకువగా ఉండేది అవ్వ ఒక్కతే. అందుకే మెడికల్ కాలేజీ బస్సు వచ్చిన ప్రతిసారీ విద్యార్థులకు ముందుగా దొరికేది ఆమే.

ఈ చుట్టుపక్కల మెడికల్ కాలేజీలకు కొదవ లేదు. మొయినాబాద్, చేవెళ్ల వైపు ప్రైవేటువి వరసగా ఉన్నాయి. మహేశ్వరం పేరిట 2024లో 50 సీట్లతో ప్రభుత్వ కాలేజీ మంజూరైంది. ఆ రోజు నేను కలిసి తిరిగింది ఒక ప్రైవేటు కాలేజీ సెకండియర్ బ్యాచ్‌తో. తెల్ల ఆప్రాన్లు, మెడలో ఐడీ కార్డులు, చేతిలో ఫ్యామిలీ ఫోల్డర్లు. జాతీయ వైద్య కమిషన్ తెచ్చిన కుటుంబ దత్తత కార్యక్రమం కింద ఒక్కో విద్యార్థి కొన్ని ఇళ్లను తన ఇళ్లుగా చూసుకోవాలి. ఎవరికి బీపీ ఉంది, ఎవరికి షుగరుంది, తాగునీళ్లు ఎక్కడివి, మరుగుదొడ్డి ఉందా, పిల్లలకు టీకాలు పడ్డాయా అన్నీ రాసుకోవాలి, మళ్లీ మళ్లీ వచ్చి చూడాలి.

"మీకు ఏ బ్రాంచ్ కావాలి?" అని అడిగితే అవ్వ బీపీ చూసిన అమ్మాయి తడుముకోలేదు. "రేడియాలజీ. నైట్ డ్యూటీలు తక్కువ, పేషెంట్లతో గొడవలుండవు." పక్కనున్న అబ్బాయిది డెర్మటాలజీ. ఇంకొకరిది ఆర్థో. ఒకమ్మాయి కార్డియాలజీ అంది, తర్వాత "ముందు జనరల్ మెడిసిన్ రావాలి కదా" అని తనే సర్దుకుంది. ఇరవై మందిని అడిగుంటాను. పీహెచ్‌సీ డాక్టరవుతానన్నవాళ్లు ఒక్కరూ లేరు. ఫ్యామిలీ మెడిసిన్‌లోనూ పీజీ ఉందంటే ఇద్దరు నన్ను జాలిగా చూశారు.

తమాషా ఏమిటంటే, మన దేశంలో ఎంబీబీఎస్ సీటు ఏ కాలేజీలో తీసుకున్నా, కాగితం మీద అది ప్రాథమిక వైద్యుణ్ణి తయారు చేసే సీటే. జనానికి మొట్టమొదట అందుబాటులో ఉండే డాక్టరును తయారు చేయడమే లక్ష్యమని సిలబస్ తొలి పేజీల్లోనే ఉంటుంది. 1946లో భోర్ కమిటీ కోరుకున్నదీ అలాంటి వైద్యుణ్ణే. 1977లో ప్రతి మెడికల్ కాలేజీ మూడు బ్లాకులను దత్తత తీసుకోవాలని 'రోమ్' పథకం తెచ్చారు, కాలేజీలకు పెద్ద పెద్ద సంచార వైద్య వ్యాన్లు ఇచ్చారు. కొన్నేళ్లకే అది చతికిలబడింది. 2021 నిబంధనల ప్రకారం 52 వారాల హౌస్ సర్జన్సీలో అన్నిటికన్నా ఎక్కువగా, 12 వారాలు, కమ్యూనిటీ మెడిసిన్‌కే. ఆ 12 వారాలు చాలామందికి పీజీ ఎంట్రన్స్ చదువుకునే సెలవులేనని సీనియర్లు జూనియర్లకు ముందే చెప్పి ఉంచుతారు.

మరి సీటు కోసం దరఖాస్తు చేసినప్పుడు ఈ పిల్లలెవరైనా అబద్ధం ఆడారా? లేదు. వాళ్లను ఎవరూ అడగలేదు. నీట్ 720 మార్కుల్లో ఎన్నొచ్చాయో చూస్తుంది తప్ప ఎందుకు డాక్టరవుతున్నావని అడగదు. అమెరికాలోని తెలుగు పిల్లలకు ఆ వెసులుబాటు లేదు. అక్కడి ఆస్టియోపతిక్ వైద్య కాలేజీల్లో చాలావాటి ఆశయ ప్రకటనలో ప్రైమరీ కేర్, గ్రామీణ సేవ అన్న మాటలు ముందుంటాయి. దరఖాస్తులో వ్యాసం రాయాలి, ఇంటర్వ్యూలో కూర్చోవాలి. మనసులో ఆర్థోపెడిక్స్ ఉన్నవాడు ఆ వ్యాసంలో ఏం రాయాలన్నది అక్కడ నిజమైన ఇబ్బంది.

వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) ఈ చిక్కును ఇంకోలా విప్పింది. మనసులో ఏముందని తవ్వకుండా, మిషన్ స్పాన్సర్‌షిప్‌తో చేరినవాళ్లు చదువయ్యాక రెండేళ్లు మిషన్ ఆసుపత్రుల్లో పనిచేయాలని ముందే ఒప్పందం రాయించుకుంటుంది. అందువల్ల అక్కడ స్పెషాలిటీలేమీ దెబ్బతినలేదు. దేశంలో తొలి విజయవంతమైన కిడ్నీ మార్పిడి 1971లో జరిగింది అక్కడే. నాకు నచ్చేది ఇదే: కోరికను ప్రశ్నించకు, పని చేయించుకో.

మన దగ్గర అలాంటి దారి ఉన్నది ఇన్ సర్వీస్ కోటా రూపంలో. కొన్నేళ్లు పీహెచ్‌సీలో పనిచేసిన డాక్టర్లకు పీజీ సీట్లలో వాటా ఉంటుంది. ఆ వాటా ఇచ్చే అధికారం రాష్ట్రాలకు ఉందని 2020 ఆగస్టు 31న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. కానీ దారి ఉన్నా దాని వెడల్పు ఏటా మారితే నమ్మేదెవరు? 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం క్లినికల్ సీట్లలో 30 శాతమున్న కోటాను 15కు కోసేసింది. పీహెచ్‌సీ డాక్టర్లు రోడ్డెక్కాక ఆ ఏడాదికి 20 చేసింది. 2025లో వాళ్లు మళ్లీ ఆందోళనకు దిగినప్పుడు కోటాతో పాటు పదోన్నతుల డిమాండూ ఉంది. ఇదంతా వాట్సాప్ గ్రూపుల్లో చదువుతున్న సెకండియర్ విద్యార్థి పల్లె వైద్యాన్ని బతుకుదెరువుగా ఎంచుకోకపోతే అతన్ని తప్పుపట్టడం ఎలా?

అరుగు మీద కూర్చుని కమ్యూనిటీ మెడిసిన్ అసిస్టెంట్ ప్రొఫెసర్ ఫోల్డర్లు దిద్దుతున్నారు. రేడియాలజీ అమ్మాయి ఫోల్డర్లో బీపీ ఉంది, మాత్ర పేరుంది, 'రోజూ వాడుతున్నారు' అన్న గడిలో టిక్కు ఉంది. "రోజూ వాడితే 160 ఎందుకుందమ్మా? స్ట్రిప్ చూశావా?" అన్నారాయన. చూడలేదు. వెళ్లి చూసి రమ్మన్నారు. బస్సు డ్రైవరు అప్పటికే రెండుసార్లు హారన్ కొట్టాడు.

అవ్వ బియ్యం డబ్బా వెనక నుంచి ప్లాస్టిక్ కవర్ తీసింది. ఆశా వర్కర్ ఇచ్చిన ఆమ్లోడిపిన్ స్ట్రిప్‌లో పది గుంతలు, ఆరు ఖాళీ. పైన నెల కిందటి తేదీ పెన్నుతో రాసి ఉంది. "రోజూ ఏసుకుంటలేవా అవ్వా?" అమ్మాయి భాష కూడా కొంచెం మారింది.

"తల తిరిగినప్పుడు ఏసుకుంట బిడ్డా. రెండు పక్కింటామెకు ఇచ్చిన. ఆమెకు గూడ తిరుగుతదంట."

పక్కింటామెకు బీపీ ఉందో లేదో, అసలు ఆ తల తిరుగుడు బీపీ వల్లనో, రక్తహీనత వల్లనో ఈ ఫోల్డర్లో లేదు. ఆ ఇల్లు డెర్మటాలజీ అబ్బాయి వంతు. అప్పటికే బస్సెక్కి కిటికీ పక్క సీటు పట్టుకున్న అతన్ని పేరు పెట్టి పిలిచి, బీపీ మెషిన్‌తో సహా కిందికి దింపారు.