రెండున్నర అంగుళాలు

నేను కొన్న జీపు నా చేతికొచ్చేసరికే రెండున్నర అంగుళాలు లేచి ఉంది. 2013 మోడల్ రాంగ్లర్, నాలుగు తలుపులది, కింద 35 అంగుళాల టైర్లు. డెన్వర్ శివార్లలో ఒకాయన వాకిట్లో దాన్ని చూడగానే నా బుర్ర పనిచెయ్యడం మానేసింది. అంత ఎత్తున కూర్చుని స్టీరింగు పట్టుకుంటే, చిన్నప్పుడు మా ఊళ్ళో ఎమ్మార్వోగారి జీపు వెనకాల దుమ్ములో పరిగెత్తిన పిల్లాడు లోపల్నుంచి లేచి కూర్చున్నాడు. కింద ఏముందో వంగి చూడలేదు. చూసినా అప్పట్లో నాకేం తెలుస్తుందిలెండి!

ఆయన చేయించిందల్లా, కంపెనీ స్ప్రింగుల మీద తలా ఒక దిమ్మ పెట్టించడం. స్పేసర్లంటారు. స్ప్రింగులు అవే, షాకులు అవే, మిగతా ఇనుమంతా అదే. పీట ఎక్కి నుంచుని పొడుగయ్యానన్నట్టు బండి మాత్రం లేచింది.

ఆరునెలలు బ్రహ్మాండంగా తిరిగాను. తర్వాత ఒకరోజు సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటే, సీ-470 మీద, గంటకి 60 మైళ్ళలో, వంతెన అతుకు మీద ముందు చక్రం టక్కుమంది. రెండు సెకన్లలో స్టీరింగు నా చేతుల్లోంచి ఊడిపోతుందేమో అన్నంతగా అటూ ఇటూ కొట్టుకోవడం మొదలెట్టింది. డాష్‌బోర్డు వణుకుతోంది, అద్దంలో వెనకున్న కార్లు నాలుగేసి కనిపిస్తున్నాయి. ఎలాగోలా వేగం తగ్గిస్తూ పక్కకి లాగాను. 35కి దిగేసరికి ఏమీ జరగనట్టు ఆగిపోయింది. దీన్ని ఇక్కడ జీపు జనం డెత్ వాబుల్ అంటారు. పేరు వింటే మరీ అతి అనిపిస్తుంది. ఒక్కసారి అనుభవిస్తే పేరు చాల్లేదనిపిస్తుంది.

ఇంటికొచ్చి మా ఆవిడతో ఏమీ చెప్పలేదు. ఆ రాత్రే ఒక కొత్త స్టీరింగ్ స్టెబిలైజర్ ఆర్డరిచ్చాను. అదొక చిన్న షాక్ అబ్జార్బర్ లాంటిది, స్టీరింగు కడ్డీకి అడ్డంగా ఉంటుంది, కుదుపుల్ని మింగేస్తుంది. శనివారం అరగంటలో బిగించేశాను. వణుకు పోయింది. నేనూ మర్చిపోయాను.

ఇక్కడో మాట చెప్పుకోవాలి. ఆఫీసులో ఎవరైనా ఎక్సెప్షన్ని పట్టుకుని, లోపల ఏమీ రాయకుండా ఖాళీ క్యాచ్ బ్లాకు పెట్టి వదిలేస్తే రివ్యూలో వాళ్ళని ఉతికి ఆరేసేది నేనే. "ఎర్రరు పోలేదు బాబూ, నీకు వినపడ్డం మానేసింది, అంతే" అని పదిమందిలో క్లాసులు పీకుతాను. అలాంటివాణ్ణి నా బండికి నేనే ఖాళీ క్యాచ్ బ్లాకు బిగించుకుని, దాని మీద పెళ్ళాంబిడ్డల్ని కూర్చోబెట్టుకుని నాలుగు నెలలు తిరిగాను.

రెండోసారి వచ్చినప్పుడు వెనక సీట్లో పాప ఉంది. వెనకాల లారీ ఉంది. అదే రోడ్డు, ఇంకో వంతెన. ఈసారి స్టెబిలైజర్ ఉండి కూడా ఆగలేదు. అప్పటికి లోపలున్న రోగం ముదిరింది మరి. లారీవాడు హారన్ కొడుతూ పక్కనుంచి వెళ్ళిపోయాడు. బండి ఆగాక మా ఆవిడ ఒక్కటే అడిగింది, "ఇది ఇంతకుముందు కూడా అయిందా?" అని. అబద్ధం చెప్పే ఓపిక లేదు. ఊబర్ పిలిచి పాపని తీసుకుని వెళ్ళిపోయింది. నేను టో ట్రక్కు కోసం రోడ్డు పక్కన గంటన్నర కూర్చున్నాను.

ఆ తర్వాతే సరిగ్గా చదవడం మొదలెట్టాను. రాంగ్లర్‌కి ముందు చక్రాలు రెండూ ఒకే గట్టి ఇరుసుకి ఉంటాయి. ఒక చక్రానికి తగిలిన దెబ్బ రెండోదానికీ తెలుస్తుంది. ఆ ఇరుసుని ముందుకీ వెనక్కీ పోకుండా నాలుగు కంట్రోల్ ఆర్ములు పట్టుకుంటాయి. పక్కలకి జరక్కుండా ట్రాక్ బార్ అనే ఒకే ఒక్క కడ్డీ పట్టుకుంటుంది. దాని ఒక కొస ఫ్రేముకి, రెండో కొస ఇరుసుకి. స్ప్రింగులు బరువు మోస్తాయే గానీ ఇరుసుని చోటులో ఉంచేది ఈ అయిదే. ఈ అయిదింటి పొడుగులూ వాలులూ కంపెనీవాడు ఒక ఎత్తుని అనుకుని లెక్కగట్టాడు.

ఆ ఎత్తు మార్చామనుకోండి. ట్రాక్ బార్ పొడుగు మారదు కాబట్టి దాని వాలు పెరిగి ఇరుసుని పక్కకి లాగేస్తుంది. నా బండిలో ముందు ఇరుసు డ్రైవరు వైపుకి అరంగుళం పైచిలుకు జరిగి ఉంది. కంట్రోల్ ఆర్ములు కిందకి వాలడంతో ఇరుసు కొంచెం తిరిగి, కాస్టర్ తగ్గిపోతుంది. కాస్టరంటే సైకిలు ముందు ఫోర్కు నిటారుగా కాకుండా కాస్త ఏటవాలుగా ఉంటుంది చూడండి, అది. చేతులొదిలేసినా సైకిలు తిన్నగా పోయేది దానివల్ల కూడా. ఈ బండికి కంపెనీ లెక్క 4.2 డిగ్రీలు. నాది కొలిపిస్తే 2.3 ఉంది. అంటే స్టీరింగుకి తనంతట తాను మధ్యకి రావాలన్న కోరిక సగం చచ్చిపోయింది. దానికి తోడు బరువైన టైర్లు.

అసలు దొంగని పట్టుకున్నది మాత్రం మా ఆవిడే, తెలియకుండానే. పరీక్ష ఎలాగంటే, బండి నేల మీదే ఉండాలి, ఇంజను ఆన్‌లో ఉండాలి, ఒకరు స్టీరింగుని కొద్దిగా కుడికీ ఎడమకీ ఊపుతుంటే ఇంకొకరు కిందనుంచి చూడాలి. బతిమాలితే వచ్చి కూర్చుంది. కింద పడుకుని టార్చి వేస్తే, ట్రాక్ బార్ బోల్టు దాని బెజ్జంలో టిక్కు టిక్కుమని కదులుతోంది! ఎవరో ఎప్పుడో సరిగ్గా బిగించలేదు. అది ఆడీ ఆడీ బెజ్జం కోలగా అరిగిపోయింది. స్టెబిలైజర్ మింగేసింది ఈ చప్పుణ్ణే. పిలిచి తననీ చూడమన్నాను. వంగి చూసి "ఈ ఒక్క బోల్టా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇక బాగుచెయ్యడం మొదలెడితే అదొక పెద్ద యాగం. దిమ్మలు తీసేసి అసలైన రెండున్నర అంగుళాల స్ప్రింగులు, ఆ ఎత్తుకి తగ్గ పొడుగున్న షాకులు. పాత షాకులు పొట్టివి కాబట్టి గుంటలో చక్రం దిగకుండా గాల్లో వేలాడేది. ముందు పొడుగు సర్దుకోగల ట్రాక్ బార్, వెనక ట్రాక్ బార్‌కి ఎత్తు బ్రాకెట్టు. కాస్టర్ తిరిగి రావడానికి కాస్త పొడుగైన కింది కంట్రోల్ ఆర్ములు. అరిగిన బెజ్జానికి వెల్డింగు నాకు చేతకాదు, అది షాపువాళ్ళకి ఇచ్చాను. మిగతాది ఇద్దరు స్నేహితులు, మూడు శనాదివారాలు, లెక్కలేనన్ని టీలు.

ఒక్క సంగతి మాత్రం ముందే తెలిస్తే బావుండేది. రబ్బరు బుష్షులున్న బోల్టుల్ని బండి గాల్లో ఉండగా బిగించకూడదు. చక్రాల మీద పూర్తి బరువు దించాకే బిగించాలి. లేకపోతే రబ్బరు మెలిపడి ఉండిపోయి తొందరగా చిరిగిపోతుంది. మేం మొదటి వారం అన్నీ జాకీల మీదే బిగించేశాం. రెండోవారం అన్నీ విప్పి మళ్ళీ. ట్రాక్ బార్ బోల్టుకి 125 అడుగు-పౌండ్లు, టార్క్ రెంచితో, చేత్తో అంచనా కాదు. వంద మైళ్ళ తర్వాత ఇంకోసారి చూడాలి. అంతా అయ్యాక బయల్దేరితే ఈఎస్‌పీ లైటు వెలిగి బండి తనంతట తాను బ్రేకులేస్తోంది. ఇరుసు మధ్యకొచ్చింది గానీ స్టీరింగు చక్రం వంకరగా ఉండిపోయింది. తిన్నగా పోతుంటే సెన్సారుకి మలుపు తిరుగుతున్నట్టు లెక్క. డ్రాగ్ లింకు సర్దేసరికి కుదురుకుంది. ఇప్పుడు కాస్టర్ 4.8. ఎత్తు చూస్తే అదే రెండున్నర అంగుళాలు! పక్కన నుంచుని చూసినవాడికి ఇంత ఖర్చు ఎక్కడ పెట్టానో కనపడదు.

హైదరాబాదులో మా తమ్ముడు థార్ కొని "అన్నయ్యా, మనమూ లేపిద్దామా" అని అడుగుతుంటాడు. 2020లో వచ్చిన ఆ థార్‌కి ముందు గట్టి ఇరుసు లేదు, చక్రం దేనికది విడిగా ఉంటుంది కాబట్టి నా కథ దానికి యథాతథంగా వర్తించదు. వేరే తిప్పలుంటాయి. కానీ అక్కడ చట్టమే ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనుంది, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్లకి తేడాగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఒకప్పుడు నాకీ నిబంధన మీద ఒళ్ళుమండేది. ఇక్కడ కొలరాడోలో పొగ పరీక్ష ఒకటుంది గానీ బండి అడుగున ఏం బిగించావని ఏటేటా అడిగే నాథుడు లేడు. స్వేచ్ఛే. ఆ స్వేచ్ఛతోనే నా బోల్టు నెలల తరబడి ఆడింది. పూర్తిగా నిషేధించడం నాకిప్పటికీ నచ్చదు. తెలిసినవాడు ఒకసారి కింద చూసి సంతకం పెట్టే పద్ధతుంటే చాలనిపిస్తుంది.

ఆగస్టులో ముగ్గురం ఊరే వెళ్ళి ఇంజనీర్ పాస్ ఎక్కాం. 12,800 అడుగులు. పేరు చూసి పాప "ఇది నీదా నాన్నా?" అంది :-) మొదట్లో ఊరే వైపు రాళ్ళు బాగా ఇబ్బంది పెడతాయి. చక్రం గుంటలోకి దిగి, నేలని పట్టుకుని, మెల్లగా పైకొస్తుంటే లోపల కాఫీ తొణకలేదు. వెళ్ళేటప్పుడు హైవే మీద వంతెన వచ్చిన ప్రతిసారీ మా ఆవిడ ముందున్న పిడిని పట్టుకుంది. నేను చూడనట్టు ఊరుకున్నాను.

పోయిన వారం నూనె మారుస్తుంటే ముందు డ్రైవ్‌షాఫ్టు రబ్బరు తొడుగు పక్కన గ్రీజు చిమ్మిన మరక కనిపించింది. లేపిన జీపుల్లో షాఫ్టు వాలు పెరిగి ఆ తొడుగు చిరగడం మామూలే. చేతులు తుడుచుకుని లోపలికెళ్ళి మా ఆవిడకి చెప్పాను.

"ఎంతవుతుందట?" అంది.