నేలపట్టు చెఱువు గట్టున

పూర్వము నెల్లూరు జిల్లాలోను, 2022 నుండి తిరుపతి జిల్లాలోను జేరిన నేలపట్టు గ్రామము దొరవారిసత్రమునకు చేరువనున్నది. ఆ యూరి చెఱువు 1976 నుండి పక్షిసంరక్షణ కేంద్రము. ఈశాన్య ఋతుపవనమున చెఱువు నిండగనే గూడబాతులు నీట నిలిచిన కడపచెట్లపై గూళ్లుకట్టి పిల్లలను బెంచును.

మా యత్తగారి పుట్టినూరు ఆ ప్రాంతమే. నీటికాసుల వ్యాధిచే నామె చూపు పోయినది. ప్రయాణము చేయు శక్తియు లేదు. "చెఱువు చూడలేను గదా అమ్మాయీ, ఆ పిల్లల గోలయైన మఱొకమాఱు విందును" అని యామె యనగా, మేము చేతిరికార్డరు దీసికొని పోయితిమి.

ఆ యాత్ర వ్యర్థమైనది. రికార్డరునందే యున్న మైక్రోఫోనులు పెక్కుదిక్కుల శబ్దమును గ్రహించును. ఇంట వినగా జనుల మాటలు, గాలిహోరు, మోటారుబండ్ల రొద. వాని నడుమ పక్షుల గోల మునిగిపోయినది.

ఒక దిక్కునే వినునట్టి మైక్రోఫోనుకై బజారునకు బోగా, ఒక యంగడివాడు పొడవైన గొట్టమును చవుకగా నిచ్చెను. మార్పుతీగతో తగిలించితిమి; చప్పుడే లేదు! దానికి 48 వోల్టుల విద్యుత్తు కావలెనట. మా చిన్న రికార్డరు రెండుమూడు వోల్టులకు మించి యీయదు. కావున వెల యడుగుటకు ముందే "దీనికి విద్యుత్తు ఎచ్చటనుండి వచ్చును?" అని యడుగుడు. పిదప దాని స్వంత బుస యెన్ని డెసిబెల్లులో చూడుడు. ఆ సంఖ్య తక్కువయైనకొలది మేలు. ఆరుబయట స్పంజితొడుగు చాలదు, బొచ్చుతొడుగు వలయును.

ఈ గొట్టము ప్రక్కల చీలికలుండును. ఎదుటి శబ్దము తిన్నగా జేరును. ప్రక్కశబ్దము వేర్వేఱు చీలికలగుండ ముందువెనుకలుగా జొచ్చి తన్నుతానే యడచుకొనును. అయినను ఇది దుర్భిణివలె దూరమును దగ్గఱచేయదు. మనమే చేరువకు బోవలెను. బండ్ల మందధ్వనిని పొట్టిగొట్టము అంతగా నాపజాలదు.

ఇది యెఱిగి, రికార్డరు నిచ్చు స్వల్పవిద్యుత్తుతోనే పనిచేయు పొట్టిగొట్టమును గొని, జనసంచారము లేని వేకువన గట్టు చేరితిమి. రహదారికి వీపుత్రిప్పి, గొట్టమును గూళ్లవైపు నిలిపి, అరగంట కదలక నిలిచితిమి. పెద్ద గూడబాతులు దాదాపు మౌనముగనే యుండును, అఱచునవి పిల్లలు. నత్తగుల్లకొంగలు ముక్కులు టకటక కొట్టుచుండెను.

ఆ సాయంకాల మత్తగారి చెవులకు యంత్రమును తగిలించితిమి. ఆమె చాలసేపు పలుకలేదు. అంతలో చేయెత్తి, "ఇదిగో, ఒక పిల్ల గోల ఆగినది. తల్లి వచ్చినది. దాని సంచిలో తలదూర్చి తినుచున్నది" అనెను.

మేమచ్చట కన్నులు తెఱచియే నిలిచితిమి; గొట్టము కదలకుండ చూచుకొనుటయే గాని ఆ తల్లిరాకను గమనింపలేదు. మఱునాడును ఆమె దానినే వినిపింపుమని యడిగెను.