తంటెమా, కసిందా? యాభై ఏళ్ళొచ్చాక నేర్చుకున్న పాఠం

ఈసారి చెరకు గురించీ కాదు, బెల్లం రేటు గురించీ కాదు. మన గట్ల మీద, కొండవార తుప్పల్లో పసుపు పూలు పూసే మొక్కల గురించి. కొంచెం పొడవైన పోస్టు. చిన్నపిల్లలున్న ఇళ్ళవాళ్ళు మాత్రం ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి.

మాది చోడవరం దగ్గర పల్లె. జిల్లా ఇప్పుడు అనకాపల్లి అయింది గానీ మా నోటికి ఇంకా విశాఖపట్నం జిల్లాయే. మూడెకరాల్లో ఒక చెక్క మాడుగుల వైపు కొండవారన ఉంది. అక్కడ గట్టు నిండా తంగేడు, తంటెం, కసింద కలగలిసి పెరుగుతాయి. తంటేన్ని కొన్నిచోట్ల తగిరిస అంటారు. తొలకరి పడ్డాక మా అమ్మ దాని లేత చిగుళ్ళు కోసి పప్పులో వేసేది. కసింద జోలికి వెళ్తే మాత్రం "మందు చెట్టురా, ఉండనీ" అనేది. అందుకే నేను ఏదీ పీకేవాణ్ణి కాదు. నిజం చెప్పాలంటే నాకు ఆ రెండింటికీ తేడా తెలీదు. అన్నీ తంటెమే అనుకునేవాణ్ణి.

మొన్న దసరా సెలవులకి మా అమ్మాయి వచ్చింది. మనవడికి ఐదేళ్ళు. వీధిలో గుంటలందర్నీ పోగేసుకుని చేను గట్టు మీద దుకాణం ఆట పెట్టాడు. ఇటుక పొడి కారం, ఇసక పంచదార, పచ్చి కాయలేమో చిక్కుళ్ళు. మా ఆవిడ క్యారేజీ పట్టుకొచ్చి చూసి కేకేసింది, "ఏవండీ, వీడి నోరు పచ్చగా ఉందేటండీ?" అని.

నా కాళ్ళు ఆడలేదు. ఎందుకంటే ఒరిస్సా మల్కన్‌గిరి సంగతి నేను పేపర్లో చదివున్నాను. మన పాత విశాఖ జిల్లా మన్యానికి ఆనుకునే ఉంటుంది ఆ జిల్లా. 2016లో వర్షాకాలం వెళ్తున్న రోజుల్లో రెండు మూడు నెలల్లోనే అక్కడ వందమందికి పైగా పిల్లలు చనిపోయారు. మొదట్లో మెదడువాపు జ్వరం అనుకున్నారు. తర్వాత వేలూరు డాక్టరు జాకబ్ జాన్ గారితో కమిటీ వేసి చూస్తే చాలామంది పిల్లల విషయంలో కారణం ఒక మొక్క గింజలని తేలింది. అక్కడ దాన్ని బణ చకుండా అంటారు. పుస్తకాల పేరు సెన్నా ఆక్సిడెంటాలిస్. మన కసింద అదే. అంతకు పదేళ్ళ ముందే ఉత్తరప్రదేశ్ పడమటి జిల్లాల్లో కూడా ఏటా ఇదే కాలంలో పిల్లలు పోతుంటే, అక్కడా దీన్నే పట్టుకున్నారు. ఆ గింజల్లో ఆంత్రాక్వినోన్లనే పదార్థాలుంటాయి. అవి లివరునీ, కండరాల్నీ, మెదడునీ ఒకేసారి దెబ్బతీస్తాయి. వాంతులతో మొదలై పిల్లాడు మంపరపడిపోతాడు. విరుగుడు మందంటూ లేదు.

పిల్లాణ్ణి, ఒక కొమ్మనీ పట్టుకుని బండి మీద ఆసుపత్రికి పరిగెత్తాం. డాక్టరు కొమ్మ చూసి "ఏం మొక్క ఇది?" అన్నాడు. "తంటెమో కసిందో అండి" అన్నాను. "రెంట్లో ఏది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇంటర్ బైపీసీ చదివాను, ముప్పై ఏళ్ళుగా ఆ గట్టు మీదే నడుస్తున్నాను. పిల్లాడి ప్రాణం మీదకొచ్చినప్పుడు మొక్క పేరు చెప్పలేకపోయాను. ఆ రాత్రంతా అక్కడే ఉంచి రక్తపరీక్షలు చేశారు. దేవుడి దయ, ఏమీ కాలేదు. "చేదుగా ఉంటే ఉమ్మేశాను తాతా" అన్నాడు పొద్దున్నే లేచి. మా అమ్మాయి మాత్రం నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మాట్లాడకపోవడంలో తప్పు లేదు.

తేడా తెలుసుకోవాలని అప్పుడు పట్టుకుంది నాకు. చెరకు నరకడానికి మన్యం నుంచి వచ్చిన ఒకావిడని అడిగాను. వాసన చూస్తే తెలుస్తుందా అంటే నవ్వింది. "రెండూ కంపే బాబూ. కసింద ఇంకొంచెం ఎక్కువ, అంతే. ముక్కుని నమ్మకండి, కాయ చూడండి" అంది. తంటెం కాయ సన్నగా, ఆరేడంగుళాల పొడుగుతో కొడవల్లా వంగి ఉంటుంది. కసింద కాయ నాలుగైదంగుళాలే, చదునుగా ఉండి కొద్దిగా పైకి తిరిగుంటుంది. ముదిరితే మధ్యలో గోధుమరంగు, అంచుల్లో లేత రంగు గీత. గింజలు కూడా వేరే. తంటెం గింజ నున్నగా మెరుస్తూ కోణాలు తిరిగుంటుంది, కసింద గింజ చప్పిడిగా గుండ్రంగా ఉంటుంది.

మరి కాయ రాకముందు ఎలా? పిల్లల నోట్లోకి వెళ్ళకముందే పీకాలి కదా. ఆ జవాబు డిగ్రీ బోటనీ చదువుతున్న మా చెల్లెలి కూతురు చెప్పింది. "మావయ్యా, ఆకులు లెక్కపెట్టు. తర్వాత గ్రంథి ఎక్కడుందో చూడు" అంది. గ్రంథి అంటే ఆకు కాడ మీద చిన్న బొడిపె. తడిమితే వేలికి తగులుతుంది.

గట్టు మీద కూర్చుని చూసింది చూసినట్టు రాసుకున్నాను.

తంటెం: ఒక్కో రెమ్మకి మూడు జతల పత్రకాలు. కొస గుండ్రం. బొడిపె కింది జత పత్రకాల మధ్యన ఉంటుంది, ఒక్కోసారి రెండో జత మధ్య కూడా.

కసింద: నాలుగైదు జతలు, కొస మొనదేలి ఉంటుంది. బొడిపె పత్రకాల మధ్య కాదు, కాడ మొదట్లో, కాండానికి దగ్గరగా.

తంగేడు: ఎనిమిది నుంచి పన్నెండు జతలు, చిన్నవి. ప్రతి జత మధ్యా బొడిపె. కాడ మొదట చెవుల్లాంటి రెండు ఆకుతునకలు. దాని పుస్తకాల పేరు ఆరిక్యులేటా, అంటే చెవులున్నదని అర్థం.

మెట్ట తామర: పెద్ద పెద్ద ఆకులు, కొవ్వొత్తిలా నిలబడ్డ పూలగుత్తి, కాయకి రెక్కలు. దీనికి బొడిపె ఉండదు.

ఇంకో చిక్కుంది. పత్రకాలు ఇంకా సన్నగా, ఆరు నుంచి పది జతలుండే మొక్క ఒకటుంది. సెన్నా సోఫెరా. మనవాళ్ళు దాన్నీ కసిందే అంటారు. బొడిపె కూడా కాడ మొదట్లోనే. మా అమ్మ మందు చెట్టన్నది ఇదో, అదో ఇప్పుడు అడగడానికి ఆవిడ లేదు. ఒకే పేరు రెండు మొక్కలకి పెడితే ఇదే తంటా.

పెద్దవాళ్ళకీ ఈ తికమక తప్పలేదు. 1753లో లిన్నేయస్ వీటన్నిటినీ, రేల చెట్టుతో సహా, కేసియా అనే ఒక్క గుంపులో పెట్టాడు. మన పక్క సామర్లకోటలో ఏళ్ళ తరబడి మొక్కలు పెంచిన రాక్స్‌బర్గ్ దొర తంగేడునీ తంటేన్నీ సెన్నా కింద రాశాడు. ఆ పుస్తకం ఆయన పోయాక 1832లో అచ్చయింది. అయినా నేను ఇంటర్లో చదివింది కేసియా పేరుతోనే. 1982లో ఇర్విన్, బార్నెబీ అనే ఇద్దరు ఆ పెద్ద గుంపుని మూడుగా విడగొట్టాక గానీ సంగతి తేలలేదు. రేల కేసియాలోనే ఉంది, మన గట్టు మీదవి సెన్నా అయ్యాయి.

ఇప్పుడు అసలు మాట. పసుపు పువ్వు కనబడిందని అన్నీ పీకేయకండి. తంగేడు రొట్ట పొలానికి ఎరువు, బెరడు తోళ్ళ పనికి, పువ్వు తెలంగాణలో బతుకమ్మకి. తంటెం చిగురు పేదవాడి కూర. పీకాల్సింది కసిందని. ఇళ్ళ చుట్టూ, బడి చుట్టూ, అంగన్‌వాడీ చుట్టూ, పిల్లలు ఆడే గట్ల మీద, కాయ పట్టకముందే, వర్షాకాలంలోనే వేళ్ళతో పీకేయండి. కాయ పడితే గింజ రాలి మళ్ళీ ఏడాది మొలుస్తుంది. పశువులకీ ఆ గింజ మంచిది కాదు, దాణాలో పడకుండా చూసుకోండి. తంటెం గింజలైనా సరే, పిల్లల చేతికివ్వకండి.

ఎవరైనా పిల్లాడు తిన్నాడని అనుమానమొస్తే నాటువైద్యం, నిమ్మరసం అని కూర్చోకండి. ఆ కొమ్మ, కాయతో సహా పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళండి. డాక్టరు అడిగితే మొక్క పేరు చెప్పగలగాలి.

నిన్న సాయంత్రం మనవడు ఫోన్లో "తాతా, కసింద బొడిపె ఎక్కడుంటాది?" అని నన్నే పరీక్ష పెట్టాడు. వాళ్ళమ్మ నేర్పిందట. "కాడ మొదట్లో" అన్నాను. "కరెక్టు" అన్నాడు.

మీ ఊళ్ళో ఈ మొక్కల్ని ఏమంటారో రాయండి. పేరుతో పాటు బొడిపె ఎక్కడుందో కూడా చూసి రాయండి.