హోటలు కూర

మా ఇంట్లో పూరీ కూర జొన్నరొట్టెలోకే. పూరీలు ఉండేయి కాదు. గోధుమపిండికీ నూనెకీ డబ్బులేవి? ఆ కూర మా అమ్మ మాచర్ల రోడ్డు మీది హోటల్లో నేర్చుకుంది. తిని కాదు, చూసి.

తాటాకు పాక అది. బస్సు దిగినోడెవడూ అక్కడ తినకుండా పోయేవాడు కాదు. ఊళ్ళో వాళ్ళకి లోపల బల్లలు. మా మాదిగపల్లెకి బయట వేపచెట్టు నీడ, చూర్లో దోపిన గ్లాసులు. నాయన తన గ్లాసు తనే కడుక్కొని పట్టుకుంటే పైనుంచి టీ పోసేవాళ్ళు. తాగినాక మళ్ళీ కడిగి చూర్లో పెట్టాలి. కులం పేరుతో ఎవర్నీ హోటళ్ళలోకి పోకుండా ఆపగూడదని రాజ్యాంగం 15వ అధికరణంలో రాసి ఉంది. ఆపితే నేరమని 1955లో చట్టమూ వచ్చింది. నేను చెప్పేది 1970ల నాటి మాట.

నాయన ఏటా కార్తీకంలో కారెంపూడి తిరనాళ్ళకి పోయేవాడు. బ్రహ్మనాయుడు అన్ని కులాలోళ్ళకీ ఒక్కచోట చాపకూడు పెట్టాడని, మాల కన్నమదాసుని కొడుకుగా చూసుకున్నాడని రాత్రిళ్ళు మాకు కథ చెప్పేవాడు. తెల్లారి లేచి మళ్ళీ ఆ వేపచెట్టు కిందికే పోయేవాడు. చాపకూడు ఏడాదికొక రోజు. టీ రోజూ తాగాలి గదా!

అమ్మ ఆ హోటలుకి తుమ్మకట్టెల మోపులు వేసేది. దొడ్డిగుమ్మం బయటే దించాలి. డబ్బులిచ్చేదాకా అక్కడే నిలబడి, లోపల పొయ్యి మీద బాండీ చూసేది. ఒకనాడు నేను పూరీ కావాలని ఏడిచా. కొనుక్కోవచ్చు, ఎవరూ వద్దనరు. ఆకులో చుట్టి, చెయ్యి తగలకుండా పైనుంచి ఒళ్ళో పడేస్తారు. అమ్మ కొనలా. "ఇసిరేసింది మనకెందుకురా, నేనొండుతా పద" అంది.

కూలికింద వచ్చిన శనగలు తిరగట్లో విసిరింది. ఉల్లిపాయలు, పచ్చిమిరగాయలు కాసింత నూనెలో మగ్గబెట్టి, పసుపేసి, నీళ్ళు పోసి తెర్లనిచ్చింది. గుప్పెడు పిండి చెంబులో చల్లనీళ్ళతో కలిపి, సన్నగా ధార పోస్తా తెడ్డు ఆపకుండా తిప్పింది. ఆపితే ఉండలు కడతది. ఆ తిప్పటం హోటలాయన చెయ్యి చూసి పట్టింది. శ్రీనాథుడి పేరున పలనాటి జొన్నకూడుని ఎగతాళి చేసిన చాటువులున్నాయి. జొన్నరొట్టెలో ఈ కూర ఆయనకెవరూ పెట్టి ఉండరు. పల్లెలో ఇంకో నాలుగిళ్ళు అమ్మ దగ్గర నేర్చుకున్నాయి. హోటలు కూర అనే పేరు పడిపోయింది.

నేను నరసరావుపేటలో హాస్టల్లో ఉండి కాలేజీ చదివేటప్పుడు, 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. మేం తరగతులు వదిలేసి రోడ్డు మీద కూచున్నాం. నాకేమన్నా అయిందేమోనని అమ్మ బస్సెక్కి వచ్చింది. ఆకలితో ఉంది. దగ్గర్లో హోటలుకి తీసకపోయా. గుమ్మం కాడ ఆగిపోయింది. చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చి బల్ల మీద కూచోబెట్టా. పూరీ వచ్చింది. తుంచి, కూరలో అద్ది నోట్లో పెట్టుకుని, నమలకుండా అట్టాగే ఉండిపోయింది.

"ఏందమ్మా?"

"దీంట్లో అల్లం ఏత్తార్రా" అంది. "ఇన్నేళ్ళూ నాకు తెలవలా. గుమ్మం కాడికి బాండీ ఒక్కటే కనపడేది. అల్లం లోపల యాడ్నో దంచేవోళ్ళు."

నాకు కడుపు రగిలి ఏదో ఉపన్యాసం మొదలెట్టా. ఆమె వినలా. తినటం అయినాక ప్లేటు తియ్యటానికొచ్చిన పిల్లాడికి ఇవ్వకుండా, కడగటానికి లేచింది. నేనే ఆ ప్లేటు ఊడబెరికి వాడి చేతికిచ్చా.

ఆ దసరా సెలవులకి ఇంటికి పోయేసరికి అమ్మ రోట్లో అల్లం నూరతా ఉంది. రొట్టె మీద కూర పోసి నా ముందు పెట్టి, నా మొహంలోకే చూస్తా కూచుంది.

"ఇప్పుడు చెప్పు" అంది.