సౌభ్రాత్రం: శిలపై ఒక నామం, తామ్రపత్రంపై మూడు

కడప జిల్లా యర్రగుంట్ల సమీపంలోని కలమల్ల గ్రామం తెలుగువారందరికీ దర్శనీయ స్థలం. రేనాటి చోళ ప్రభువైన ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు క్రీ.శ. 575 ప్రాంతంలో వేయించిన శాసనం అచ్చటి చెన్నకేశవ సిద్ధేశ్వరాలయానికి చెందినదే. తెలుగు భాషలో లభించిన శాసనాలలో ఇది ప్రాచీనతమమని పండితులు నిర్ణయించారు. భాషాభిమానంతో ఆ శిలను స్మరించేవారు అనేకులు. గృహస్థధర్మ దృష్టితో స్మరించినా అందులో గ్రహింపదగిన పాఠం ఒకటి ఉంది.

శిలపై మిగిలిన అక్షరాలలో ధనంజయుని సోదరుల ప్రస్తావన లేదు. ఆ వంశంలోనే తరువాత జన్మించిన పుణ్యకుమారుడు మాలేపాడు తామ్రశాసనంలో తన వంశక్రమాన్ని చెప్పుకున్నాడు. నందివర్మకు సింహవిష్ణువు, సుందరనందుడు, ధనంజయవర్మ అని ముగ్గురు కుమారులని అందులో ఉంది. పుణ్యకుమారుడు ఆ ధనంజయవర్మకు పౌత్రుడు. తండ్రి, తాత, ముత్తాతల పేర్లు చెబితే వంశక్రమం పూర్తి అవుతుంది. అయినా ఆ శాసనం తాతగారి సోదరులను విడిచిపెట్టలేదు.

తర్పణవిధి కూడా ఇదే మార్గంలో నడుస్తుంది. మహాలయ పక్షంలో పితృ, మాతృ, మాతామహ వర్గాలకు తిలోదకం ఇచ్చినంత మాత్రాన కర్త విరమించడు. పితృవ్యులు, భ్రాతలు, భగినులు మొదలైన కారుణ్యపితరుల నామగోత్రాలను ఉచ్చరించి వారికీ ఉదకం విడుస్తాడు. ఏకగర్భంలో వసించిన ఋణం ప్రత్యక్ష సంతతితో తీరేది కాదని శాస్త్రహృదయం.

అయితే ఆ నామోచ్చారణ కొందరి కంఠంలో తడబడుతుంది. ఒకే వాకిట ఆడుకున్న అన్నదమ్ములు నాలుగు సెంట్ల స్థలం కోసం వ్యాజ్యమాడి, మధ్యలో నాపరాతి గోడ నిలిపి, ఇరవై ఏళ్ళు పలుకరించుకోని ఇండ్లు ఏ గ్రామంలోనైనా కనిపిస్తాయి. అన్ని ఏళ్ళు నోట పలుకని పేరును చివరకు నువ్వులు, నీళ్ళతో కలిపి పలుకవలసి వస్తుంది. ఆ పిలుపుకు బదులు పలికేవారు ఉండరు.

విభాగం పాపం కాదు. సోదరులు కలిసి ఉండవచ్చు, ధర్మాభివృద్ధి కోరి వేరుగానూ ఉండవచ్చునని మనువు తొమ్మిదవ అధ్యాయంలో అనుమతించాడు. వేరైన ప్రతి ఇంటా అగ్నికార్యం, అతిథిపూజ జరుగుతాయి కనుక ధర్మం వృద్ధి పొందుతుంది. నిషిద్ధమైనది ద్వేషం. సోదరుడు సోదరుని, సోదరి సోదరిని ద్వేషించరాదని అథర్వవేదంలోని సాంమనస్య సూక్తం శాసిస్తున్నది. పొయ్యిలు వేరు కావచ్చు, మనస్సులు వేరు కారాదు.

బాల్యంలో ఈ విలువ తెలియదు. బెల్లపుముక్క పెద్దది ఎవరికి దక్కిందన్నదే అప్పటి వ్యాజ్యం. సంత చెప్పుకునే వేళ పక్కనున్న తమ్ముడు స్వరదోషాన్ని పట్టి ఇస్తే అన్నకు కోపం. కాలాంతరంలో సభలో ఆ స్వరం నిర్దుష్టంగా పలికినప్పుడు, దానిని దిద్దినది ఆ తమ్ముడేనని స్ఫురిస్తుంది. తల్లిదండ్రులు ముందుగా వెళ్ళిపోతారు, భార్యాపుత్రులు తరువాత వస్తారు. బాల్యం నుండి వార్ధక్యం దాకా సాక్షిగా నిలిచేది తోబుట్టువే.

కడప జిల్లాలోనే ఒంటిమిట్టలో సీతారామలక్ష్మణులు ఒకే శిలలో వెలసి ఉన్నారు. లక్ష్మణుడు సుమిత్రాతనయుడు, రాముడు కౌసల్యాతనయుడు. అయినా యుద్ధభూమిలో మూర్ఛితుడైన లక్ష్మణుని చూచి రాముడు విలపిస్తూ సహోదరుడనే పిలిచాడు. గర్భాలు వేరైనా సహోదరత్వం సిద్ధించగా, ఏకగర్భజనితులు పరాయివారు కావడం ఎంత శోచనీయం!

కార్తిక శుద్ధ విదియనాడు సోదరి చేతి అన్నం భుజించాలని పెద్దలు నియమించారు. యముడు యమున ఇంట ఆతిథ్యం పొందిన తిథి అది. అన్నదమ్ముల గడప తొక్కడానికి మాత్రం ఏ తిథీ చూడనక్కరలేదు. మహాలయంలో పలుకవలసిన పేరును ఈ సాయంకాలమే ఆ ఇంటి ముందు నిలిచి పలికితే, లోపలి నుండి ఒక సమాధానం వస్తుంది.

స్వస్తి.