ఇస్త్రీపెట్టె కాని ఐరన్

"కొత్త ఐరన్లు కొన్నాను" అని మావారు ఫోన్ చేస్తే, కాలిపోయిన ఇస్త్రీపెట్టె సంగతి ఇన్నాళ్లకు గుర్తొచ్చిందని సంబరపడ్డాను. తీరా సాయంత్రం చూస్తే పొడుగాటి అట్టపెట్టెలో ఏడు గోల్ఫ్ కర్రలు! వాటినే ఐరన్లంటారట. ధరెంతని అడిగాను. ఆయన మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లిపోయారు.

మా ఇంట్లోకి ఈ ఆట మామయ్యగారితో వచ్చింది. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో నేర్చుకున్నారు. అప్పటి ఐరన్లు ఇప్పటికీ ఆయన మంచం పక్కనే ఉంటాయి. మావారేమో నెలకో ఆదివారం శంషాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డెక్కి, గోల్కొండ కోట పక్కనున్న గోల్ఫ్ కోర్సుకు వెళ్తారు. మిగతా రోజుల్లో డాబా మీద వల కట్టుకుని కొడుతుంటారు. పైన విమానాల మోత, కింద ఈయన మోత.

"ఇవి చాలా ఫర్‌గివింగ్ నాన్నా" అన్నారు వాళ్ల నాన్నగారితో. బి.ఏ. తెలుగు చదివినదాన్ని కదా, నాకు నవ్వొచ్చింది. ఇనుము క్షమించడమేమిటి?

మామయ్యగారు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూపించారు. పాతదాన్ని బ్లేడ్ అంటారు. తల సన్నగా ఉంటుంది, వెనక గుంట ఉండదు. బంతి సరిగ్గా మధ్యలో తగిలితే చేతికి వెన్నలా ఉంటుందట. అర అంగుళం పక్కకు తగిలిందా, కర్ర తల మెలిక తిరిగి బంతి దారి తప్పుతుంది, దూరమూ తగ్గుతుంది. కొత్తదాని వెనక గుంట ఉంది. అక్కడ తీసిన బరువును అంచులకు పంచారు. కావడి మోసేవాణ్ణి చూశారుగా? రెండు చివర్లా బిందెలుంటే గిర్రున తిరగలేడు. అంచుల్లో బరువున్న కర్ర తల కూడా పక్కదెబ్బకు అంత తేలిగ్గా తిరగదు. అదీ దాని క్షమ.

ఈ పద్ధతికి పేరు తెచ్చినవాళ్లలో ముఖ్యుడు పింగ్ కంపెనీ పెట్టిన కార్‌స్టెన్ సోల్‌హైమ్ అనే ఇంజనీరు. 1982లో వచ్చిన ఆయన పింగ్ ఐ2 ఐరన్లు చాలా ప్రసిద్ధం. ఆయన ఆట మొదలుపెట్టిందే 42 ఏళ్లకట, నా ఈడులో!

"దూరమంతా క్షమ వల్లే కాదురా" అన్నారు మామయ్యగారు మావారితో. పాత ఏడో నంబరు కర్ర ముఖం వాలు 35 డిగ్రీల చుట్టుపక్కల ఉండేదట. కొత్తవాటిలో చాలావాటికి 30 డిగ్రీలే, ఇంకా తక్కువ కూడా. వాలు తగ్గితే బంతి దూరం పోతుంది. నంబరు అదే, కర్ర వేరు.

ఆ వారమే మా ఇంట్లో ఇంకో గొడవ నడుస్తోంది. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. రెండు నెలల టెస్టు మార్కులు నాకు చూపించకుండా తాతయ్యకు మాత్రమే చెప్పుకున్నాడు. తెలిశాక ఇల్లు పీకి పందిరేశాను. అప్పటినుంచి వాడు ముభావంగా ఉన్నాడు.

ఆదివారం డాబా మీద నేనూ పాత కర్ర పట్టుకున్నాను. మొదటి దెబ్బకే వేళ్ల నుంచి మోచేతి దాకా ఝల్లుమంది. రెండోదీ అంతే. మూడోసారి చెయ్యి దానంతటదే వెనక్కి లాగేసింది.

"భయపడుతూ కొడుతున్నావమ్మా. అందుకే ఇంకా పక్కకు తగులుతోంది" అన్నాడు మావాడు.

వాడు కర్ర గురించే అన్నాడు. నాకు మాత్రం ఇంకెక్కడో తగిలింది.

కొత్తదానితో కొట్టాను. సరిగ్గా తగల్లేదని తెలుస్తూనే ఉంది, అయినా బంతి వల మధ్యకే వెళ్లింది. ఇంకోటి కొట్టాలనిపించింది.

"ఏది మంచిది మామయ్యగారూ?" అని అడిగాను.

"తప్పెక్కడో పాతది గట్టిగా చెబుతుందమ్మా. చెప్పాలి కూడా. కానీ నేర్చుకునేవాడికి ముందు ఆట మీద ఇష్టం మిగలాలి కదా."

ఆ రాత్రి మావాడు పరుపు కింద నుంచి నాలుగు పేపర్లు తెచ్చిచ్చాడు. ఫిజిక్స్ మార్కులు చూడగానే నోటిదాకా వచ్చిన మాటను మింగేసి, "ఏ లెక్క దగ్గర ఆగిపోయావు నాన్నా?" అన్నాను. పక్కన కూర్చుని చూపించాడు. మార్కులేం మారలేదు. వచ్చే వారం పేపరు మాత్రం తనే తెచ్చిస్తానన్నాడు.

ఇస్త్రీపెట్టె ఇంకా రాలేదు. మావారి విషయంలో మాత్రం నేనింకా పాత బ్లేడునే!